మనోళ్లు సైన్సు చేశారా, అబ్బా?



మా ఇల్లు నార్సింగిలో. మిద్దె ఎక్కితే ఒక పక్క ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ అద్దాల మేడలు, ఇంకో పక్క మూసీ. రాత్రి పన్నెండైనా ఆ మేడల్లో లైట్లు ఆరవు. మా గల్లీలో పది ఇళ్లుంటే ఏడిళ్ల పిల్లలు అక్కడే నౌకరీ. కాబట్టి మా బిడ్డ ఇంటర్ రెండో సంవత్సరానికి వచ్చేసరికి ఖాన్‌దాన్ అంతా ఆమె ముస్తక్బిల్ ముందే తేల్చేసింది. కంప్యూటర్ సైన్సు, నాలుగేళ్లు, నడిచిపోయే దూరంలో ఉద్యోగం. ఖతమ్.

ఒక ఇతవారం రాత్రి దస్తర్‌ఖాన్ మీద అదే మాట నడిచింది. వాళ్ల మామూ వచ్చాడు. "ఏం బేటీ, కంప్యూటర్సే కదా?" అన్నాడు. ఆమె తల వంచుకునే, "లేదు మామూ. నాకు రీసెర్చ్ చెయ్యాలనుంది. లెక్కలు, బయాలజీ రెండూ కలిపి" అంది. ఆయన మంచి మనిషే, మనసులో ఏ కల్మషం లేదు. నవ్వి, "రీసెర్చ్ మనకెక్కడ బేటీ? అది పెద్దోళ్ల పని. మనోళ్లు ఎవరైనా చేశారా?" అన్నాడు.

ఆమె నా వైపు తిరిగింది. "మనోళ్లు సైన్సు చేశారా, అబ్బా?"

అలవాటైన జవాబు నా నోటి చివరే ఉంది. అల్ ఖ్వారిజ్మీ జబ్ర్ రాశాడు, ఇబ్నె సీనా వైద్యం రాశాడు. జుమా బయానుల్లో వినే పేర్లే. సగంలోనే ఆపేసింది. "అవి వెయ్యేళ్ల కిందటివి అబ్బా. బాగ్దాద్, బుఖారా. నేను హైదరాబాద్ అడుగుతున్నా. బస్సెక్కి పోయి చూసి రాగలిగేది చెప్పు."

నా దగ్గర జవాబు లేదు. యాభై ఏళ్లొచ్చాయి, ఈ షహర్‌లోనే తిన్నాను, ఈ షహర్‌లోనే చదివాను. నిజంగా షరమ్ అనిపించింది. ఆ తర్వాత కొన్ని ఇతవారాలు లైబ్రరీలలో, పాత పుస్తకాల్లో కూర్చున్నాను. దొరికింది ఇక్కడ పెడుతున్నాను. మా బిడ్డ కోసం మొదలుపెట్టాను గానీ, ఇలాంటి సవాల్ మీ ఇంట్లో కూడా ఎవరో అడిగే ఉంటారు.

మా గల్లీ నుంచే

మొదటి విషయమే నా కళ్లు తెరిపించింది. బొంబాయిలో హోమీ భాభా 1945లో పెట్టిన టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ పేరు వినే ఉంటారు. దాని హైదరాబాద్ కేంద్రం గోపనపల్లిలో సొంత క్యాంపస్ కట్టుకోకముందు ఎక్కడ నడిచిందనుకున్నారు? నార్సింగిలో, బృందావన్ కాలనీలో. 2010 తర్వాతి ఆ ఏళ్లలో దేశదేశాల్లో చదివొచ్చిన సైంటిస్టులు మేము కూరగాయలు కొనే దారిలోనే నడిచారు. దాని పేరే 'సెంటర్ ఫర్ ఇంటర్‌డిసిప్లినరీ సైన్సెస్'. అంటే ఫిజిక్స్ వాళ్లకొక గది, కెమిస్ట్రీ వాళ్లకొక గది, బయాలజీ వాళ్లకొక గది అనే గోడలు లేని చోటు. మా బిడ్డ కోరుకున్నది అచ్చం అదే. నేను ఆ దారిన ఎన్ని వందలసార్లు పోయానో! లోపల ఏం జరుగుతోందని ఒక్కసారీ అడగలేదు. అడగకపోతే ఎవరు చెప్తారు?

దాదా కాపీ

రెండోది మా ఇంట్లోనే దొరికింది. మా దాదా పాలమూరు జిల్లా మనిషి. 1940లలో ఉస్మానియాలో చదివాడు, తర్వాత స్కూల్లో లెక్కల టీచర్ అయ్యాడు. ఆయన సందూక్‌లో ఒక కాపీ ఉంది. పేజీల నిండా ఉర్దూలో రియాజీ, అంటే గణితం. ముసల్లస్, జావియా, జజ్ర్, ఇహ్సా. మా బిడ్డ చేత ఒక్కొక్క మాటా చదివించాను. ముసల్లస్ అంటే త్రిభుజం, జావియా అంటే కోణం, జజ్ర్ అంటే మూలం, ఇహ్సా అంటే ఇప్పుడు కాలేజీల్లో వణికించే కాలిక్యులస్.

ఈ మాటలు ఆకాశం నుంచి ఊడిపడలేదు. వాటి వెనక ఒక కార్ఖానా ఉంది. 1917లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఫర్మానా ఇచ్చాడు, 1918లో ఉస్మానియా యూనివర్సిటీ మొదలైంది. హిందుస్తాన్ యూనివర్సిటీలన్నీ ఇంగ్లీషులో చదువు చెప్తున్న కాలం అది. ఇది ఉర్దూలో చెప్పింది, సైన్సుతో సహా. మరి పుస్తకాలెక్కడివి? దాని కోసమే దారుల్ తర్జుమా పెట్టారు. మౌల్వీ అబ్దుల్ హఖ్ దానికి మొదటి నాజిమ్. కెమిస్ట్రీ, ఫిజిక్స్, గణితం, వైద్యం, ఇంజినీరింగ్... వందల కితాబులు తర్జుమా అయ్యాయి. ఒక్కొక్క ఇస్తిలాహ్, అంటే పారిభాషిక పదం, కోసం ఆలిమ్‌లు, ప్రొఫెసర్లు ఒకే మేజా చుట్టూ కూర్చుని బహస్ చేశారు. అరబీ నుంచి తేవాలా, ఇంగ్లీషుది అలాగే ఉంచాలా, జనం నోట్లో ఉన్న మాటను తీసుకోవాలా అని. అదే యూనివర్సిటీలో ఉర్దూ చెప్పిన వహీదుద్దీన్ సలీమ్ మాటలు ఎలా తయారుచేయాలో ఒక పూర్తి కితాబే రాశాడు. హైదరాబాద్ తాలీమ్ నాజిమ్‌గా ఉన్న రాస్ మసూద్, సర్ సయ్యద్ మనవడు, 1922లో జపాన్ పోయి, అక్కడ సొంత జబాన్‌లో సైన్సు ఎలా చెప్తున్నారో చూసి వచ్చి పుస్తకం రాశాడు.

అంతకంటే డెబ్బై ఎనభై ఏళ్ల ముందే పైగా ఖాన్‌దాన్ నవాబు షమ్సుల్ ఉమరా యూరప్ సైన్సు రిసాలాలను ఉర్దూలోకి మార్పించి, తన సొంత ఛాపాఖానాలో అచ్చు వేయించాడు. ఆరు రిసాలాలు కాబట్టి 'సిత్తా ఏ షమ్సియా' అని పేరు. నీళ్ల గురించి, గాలి గురించి, వెలుగు గురించి, బర్ఖ్ గురించి, అంటే విద్యుత్తు గురించి.

ఇక్కడ ఇంసాఫ్ మాట ఒకటి చెప్పాలి. ఫఖర్ ఒక్కటే చెప్పుకుంటే అది తారీఖ్ కాదు. హైదరాబాద్ రియాసత్‌లో ఎక్కువమంది జబాన్ తెలుగు. తర్వాత మరాఠీ, కన్నడ. ఉర్దూ ఇంట్లో మాట్లాడేవాళ్లు చాలా కొద్దిమంది. ఉర్దూలో సైన్సు వచ్చిందని మన దాదాలు ఖుష్ అయినప్పుడు, పాలమూరులో, ఓరుగల్లులో తెలుగు పిల్లవాడికి అదీ ఇంగ్లీషులాగే పరాయి జబాన్. ఈ గాటు నిజం. 1948లో పోలీస్ యాక్షన్ జరిగింది, తర్వాత యూనివర్సిటీ ఇంగ్లీషుకు మారింది. అప్పుడు మా దాదా లాంటివాళ్ల మాటలన్నీ రాత్రికి రాత్రే చెల్లని సిక్కాలయ్యాయి.

కానీ ఆయన ఏం చేశాడో ఆ కాపీ మార్జిన్లో ఉంది. ముసల్లస్ పక్కన నీలం ఇంకుతో తెలుగులో 'త్రిభుజం' అని రాసుకున్నాడు. జావియా పక్కన 'కోణం'. కొన్నిచోట్ల తప్పు రాసి, కొట్టేసి, మళ్లీ రాశాడు. నలభై ఏళ్లు దాటాక తెలుగు మీడియం పిల్లలకు చెప్పడానికి మళ్లీ నేర్చుకున్నాడన్నమాట. రోతూ కూర్చోలేదు. దారుల్ తర్జుమా మూతపడ్డాక, తనొక్కడే ఒక చిన్న దారుల్ తర్జుమా అయ్యాడు.

రియాజీ: రజియుద్దీన్ సిద్దీఖీ, నిజామియా

ఉర్దూలో చదివినవాళ్లు ప్రపంచం ముందు నిలబడగలిగారా? ఇది మామూ అడిగిన సవాల్. ఒక్క పేరు చెప్తాను: ముహమ్మద్ రజియుద్దీన్ సిద్దీఖీ. హైదరాబాద్‌లో పుట్టాడు, ఉస్మానియాలో చదివాడు, కేంబ్రిడ్జి పోయాడు, జర్మనీలో లైప్‌జిగ్ నుంచి డాక్టరేట్ తెచ్చాడు. ఐన్‌స్టీన్, హైజెన్‌బర్గ్‌ల కొత్త ఫిజిక్స్ అప్పుడే ప్రపంచాన్ని తలకిందులు చేస్తోంది. ఆయన తిరిగొచ్చి ఉస్మానియాలో గణితం చెప్పాడు, క్వాంటమ్ మెకానిక్స్ మీద కితాబు రాశాడు, ఇఖ్బాల్ మీదా రాశాడు. 1950లో పాకిస్తాన్ పోయి, తర్వాత ఇస్లామాబాద్ యూనివర్సిటీకి మొదటి వైస్ చాన్సలర్ అయ్యాడు. మన షహర్ పెంచిన చెట్టు నీడ వేరే ముల్క్‌కి పోయింది. తఖ్సీమ్ ఖర్చు లెక్క వేసేటప్పుడు ఈ పద్దు ఎవరూ రాయరు.

ఆకాశం వైపు చూసినవాళ్లూ ఉన్నారు. పైగా ఖాన్‌దాన్‌కే చెందిన నవాబు జఫర్ జంగ్ ఇంగ్లండ్ నుంచి పెద్ద దూర్బీన్ తెప్పించి, 1901లో ఫిసల్‌బండలో రసద్‌గాహ్, అంటే నక్షత్రశాల, మొదలుపెట్టాడు. ఆయన ఇంతెఖాల్ తర్వాత 1908లో నిజాం సర్కార్ దాన్ని తీసుకుంది, అది బేగంపేటకు మారింది. అంతకుముందే ప్రపంచంలోని కొన్ని రసద్‌గాహ్‌లు కలిసి ఆకాశమంతటినీ ఫొటో తీసి నఖ్షా గీయాలని ఇరాదా చేసుకున్నాయి. ఒక్కో షహర్‌కి ఆకాశంలో ఒక్కో పట్టీ. హైదరాబాద్ తన హిస్సా పూర్తి చేసింది. గాజు పలకల మీద చుక్క చుక్కకీ కొలత తీసి, ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల ఫెహ్రిస్త్ అచ్చు వేసింది. ఏళ్ల తరబడి పనిచేసిన డైరెక్టర్ టి.పి.భాస్కరన్, ఆయన తర్వాత అక్బర్ అలీ. అక్కడే పనిచేసిన ఒక అసిస్టెంట్ కొడుకు నిజాం కాలేజీలో చదువుకుని, తర్వాత హిందుస్తాన్‌లో కొత్త ఖగోళ శాస్త్రానికి బునియాద్ వేశాడు. ఆయనే వైను బప్పు. భాస్కరన్, అక్బర్ అలీ, బప్పు. ఈ పేర్లలో 'మనోళ్లు' ఎవరో విడదీయమంటే, మా బిడ్డ నా ముఖం చూసి ఊరుకుంది.

వైద్యం, యంత్రం: తప్పు జవాబు, ఒక అణా దోమ, మిసైల్ కాలు

బయోమెడికల్ ఇంజినీరింగ్ అంటే కొత్త మాట అనుకుంటాం. వైద్యుడు, కొలిచే యంత్రం ఒకే గదిలో కూర్చోవడం దాని అసలు. ఆ గది హైదరాబాద్‌లో 1880లలోనే ఉంది.

మన మెడికల్ స్కూల్ 1846లో మొదలైంది, చాలా ఏళ్లు ఉర్దూలోనే చదువు చెప్పింది. తర్వాత దానికి ప్రిన్సిపాల్‌గా వచ్చిన ఎడ్వర్డ్ లారీకి ఒక జిద్ ఉండేది. ఆపరేషన్‌కి ఇచ్చే క్లోరోఫామ్‌తో మనుషులు చనిపోతున్నారు. గుండె ఆగి పోతున్నారా, ఊపిరి ఆగి పోతున్నారా? లారీ 'ఊపిరే' అన్నాడు. 1888లో ఒక కమిషన్ కూర్చుంది. లండన్‌లోని లాన్సెట్ పత్రిక నమ్మలేదు. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా వెయ్యి పౌండ్లు ఇచ్చి, మీ మనిషినే పంపండి అన్నాడు. 1889లో లాడర్ బ్రంటన్ వచ్చాడు. హైదరాబాద్ డాక్టర్ రుస్తుంజీ కూడా అందులో ఉన్నాడు. వందల జంతువుల మీద తజుర్బా చేశారు. రక్తం ఒత్తిడి, ఊపిరి ఎలా పడిపోతున్నాయో యంత్రంతో గీతలు గీయించి నమోదు చేశారు. ఇవాళ ఐసీయూలో మానిటర్ మీద పాకే గీతకు అవి ముత్తాత గీతలు.

నతీజా ఏమిటి? గుండెకు ఖత్రా లేదు, ఊపిరి ఒక్కటే చూసుకోండి అన్నారు. అది తప్పు జవాబు. 1911లో గుడ్‌మన్ లెవీ అనే వైద్యుడు క్లోరోఫామ్‌తో గుండె లయ తప్పి ఆగిపోతుందని రుజువు చేశాడు. ఈ భాగం విన్నాక మా బిడ్డ ముఖం వాడిపోయింది. "అంత ఖర్చుపెట్టి తప్పేనా?" అంది. నేను చెప్పాను: వాళ్లు దాచలేదు బేటీ. ఎలా చేశారో, ఏ గీత వచ్చిందో మొత్తం అచ్చు వేశారు. అచ్చులో ఉన్న తప్పుతో తర్వాతివాళ్లు వాదించగలిగారు. మనసులో దాచుకున్న తప్పును ఎవరు సరిచేస్తారు? మత్తు ఇచ్చేటప్పుడు ఊపిరి మీద కన్ను ఉంచాలన్న జాగ్రత్త మాత్రం ఇప్పటికీ సరైనదే.

ఆ స్కూల్లోనే, లారీ దగ్గరే క్లోరోఫామ్ ఇవ్వడం నేర్చుకున్న ఒక పార్సీ అమ్మాయి రూపాబాయి ఫర్దూంజీ. ప్రపంచంలోనే మొదటి మహిళా మత్తు వైద్యురాలని ఆమెను చెప్తారు. తర్వాత ఎడిన్‌బరో దాకా పోయి చదివి వచ్చింది. ఆడపిల్లకి ఇంత దూరం చదువెందుకు అనేవాళ్లకి నేను ఈ పేరు చెప్తున్నాను. అది నూట ముప్పై ఏళ్ల కిందటి మాట.

ఇంకొక పేరు. 1897 ఆగస్టులో బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. ఆగస్టు 20న. 1902లో నోబెల్ వచ్చింది. బేగంపేటలో ఆ ఇమారత్ ఇప్పటికీ ఉంది, బస్సెక్కి పోయి చూడొచ్చు. కానీ ఆ దోమ ఎవరి రక్తం తాగింది? హుసేన్ ఖాన్ అనే మలేరియా మరీజుది. కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా ఇచ్చారు. పది దోమలు, పది అణాలు. రాస్ తన రాతల్లో ఆ పేరు రాశాడు కాబట్టి మనకు తెలిసింది. 'మనోళ్లు సైన్సు చేశారా' అనే సవాల్‌కి హుసేన్ ఖాన్ కూడా ఒక జవాబే. కానీ మనోళ్లు చెయ్యి చాపి దోమకు రక్తం ఇచ్చేవాళ్లుగానే మిగలాలా, సూక్ష్మదర్శిని వెనక కూడా కూర్చోవాలా? అసలు మాట అక్కడుంది.

వెనక కూర్చున్నవాళ్లూ ఉన్నారు. 1982లో రామేశ్వరం పడవ మనిషి కొడుకు అబ్దుల్ కలామ్ కంచన్‌బాగ్‌లో మిసైళ్ల ల్యాబ్ డైరెక్టర్‌గా వచ్చాడు. అగ్ని కోసం చేసిన తేలికైన, గట్టి కాంపోజిట్ పదార్థాన్ని నిమ్స్ నుంచి వచ్చిన ఒక ఎముకల డాక్టర్ చేత్తో ఎత్తి చూశాడు. తర్వాత కలామ్‌ను తన ఆసుపత్రికి తీసుకుపోయాడు. అక్కడ పిల్లలు మూడు కిలోల ఇనుప కాలిపర్లు ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. మూడు వారాల్లో మూడు వందల గ్రాముల కాలిపర్ తయారైంది. కలామ్ ఈ కిస్సా తన జిందగీలో ఎన్నోసార్లు చెప్పాడు. పిల్లలు పరిగెత్తుతుంటే తల్లిదండ్రుల కళ్లలో నీళ్లొచ్చాయని. హృద్రోగ వైద్యుడు సోమరాజుతో కలిసి చేసిన చవక స్టెంట్ పేరు కలామ్-రాజు స్టెంట్. పేరులోనే రెండు ఇళ్లు కలిశాయి.

పరిందాలు, పానీ

ఎకాలజీకి మన ఉర్దూలో పాత మాట లేదు, కానీ పని ఉంది. 1931-32లో సలీమ్ అలీ నిజాం రియాసత్ పరిందాల సర్వే చేశాడు. ఆయన చేతిలో పక్కా నౌకరీ లేదు, పెద్ద డిగ్రీ కూడా లేదు. బేగం తహ్మీనా వెంట నడిచింది. గుడారాలు వేసుకుని, ఎడ్లబండ్ల మీద అడవులు, చెరువులు తిరిగారు. ఏ పిట్ట ఎక్కడ దొరికింది, ఏం తింటోంది, ఎప్పుడు గూడు కడుతోంది అన్నీ రాశారు. బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో ఆ రిపోర్టు అచ్చయింది. హైదరాబాద్ తర్వాత ట్రావన్‌కోర్, కొచ్చిన్ ఇంకా ఎన్నో రియాసత్‌లలో సర్వే చేశాడు. 1976లో పద్మవిభూషణ్ వచ్చింది. మామూ మాటలో అడిగితే, 1931లో ఆయన 'ప్యాకేజీ' ఎంత? చెప్పుకోవడానికేమీ లేదు.

పానీ కిస్సా మాత్రం మా గుమ్మం ముందే ఉంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ తుగ్యానీలో వేలమంది చనిపోయారు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలో చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారని షహర్ ఇప్పటికీ చెప్పుకుంటుంది. 1909లో నిజాం సర్కార్ మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిచింది. ఊరికి పైన రెండు చెరువులు కట్టి వరదను ఆపాలని ఆయన చెప్పాడు. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఆ పనుల్లో ముందు నిలిచిన మన ఇంజినీర్ అలీ నవాజ్ జంగ్. ఆయన పుట్టిన జూలై 11ను తెలంగాణ ఇంజినీర్ల దినంగా ఇప్పుడు సర్కారే జరుపుతోంది. వరద ఆపడానికి కట్టినవే షహర్ దాహమూ తీర్చాయి.

ఆ చెరువులను కాపాడటానికి 1996లో 111 జీవో వచ్చింది. చుట్టూ పది కిలోమీటర్లలో, 84 ఊళ్లలో పెద్ద కట్టడాలు వద్దని. 2022లో ఆ బంధనాలు సడలించే 69 జీవో వచ్చింది. నార్సింగిలో ప్లాటు కొన్న మనిషిగా నేను ఎవరినీ వేలెత్తి చూపలేను. కానీ వానాకాలంలో గండిపేట గేట్లు ఎత్తితే నార్సింగి, మంచిరేవుల మధ్య వంతెన మీదికి నీళ్లొస్తాయి, సర్వీస్ రోడ్డు మూసేస్తారు. అప్పుడు అద్దాల మేడల వాళ్లు, మేము, అందరం ఒకే ట్రాఫిక్‌లో నిలబడతాం. నీళ్లు ఎటు పోవాలో లెక్క వేసే మనిషి మనకు కావాలా వద్దా? ఈ ఒక్క లెక్కలోనే రియాజీ, ఎకాలజీ, ఇంజినీరింగ్ మూడూ ఉన్నాయి.

కీమియా: తార్నాక నుంచి ఆఫ్రికా దాకా

1944లో హైదరాబాద్ రియాసత్ సైన్సు, పరిశ్రమల కోసం సెంట్రల్ లాబొరేటరీస్ మొదలుపెట్టింది. 1948 నుంచి 1962 దాకా దానికి డైరెక్టర్ సయ్యద్ హుసేన్ జహీర్. లఖ్‌నవూ ఖాన్‌దాన్, హైడెల్‌బర్గ్ డాక్టరేట్, రచయిత సజ్జాద్ జహీర్‌కి భాయి. రియాసత్ పోయింది, సర్కార్ మారింది. అయినా జహీర్ ల్యాబ్ మూసుకోనివ్వలేదు. 1956లో దాన్ని సీఎస్ఐఆర్ తీసుకుని రీజినల్ రీసెర్చ్ లాబొరేటరీ చేసింది. తర్వాత జహీర్ మొత్తం సీఎస్ఐఆర్‌కే డైరెక్టర్ జనరల్ అయ్యాడు. తార్నాకలో ఇవాళ ఐఐసీటీ అని బోర్డు ఉన్నది ఆ ల్యాబే. అందులోని బయోకెమిస్ట్రీ విభాగం నుంచే 1977లో పుష్ప భార్గవ చేతుల మీద సీసీఎంబీ పుట్టింది.

ఆ ల్యాబ్ చేసిన ఒక్క పని చెప్తాను. ఎయిడ్స్ మందు ఏజెడ్‌టీని చవగ్గా తయారుచేసే తరీఖాను అక్కడి డైరెక్టర్ ఎ.వి.రామారావు బృందం సిప్లా కంపెనీకి ఇచ్చింది. సిప్లాను 1935లో పెట్టింది ఖ్వాజా అబ్దుల్ హమీద్ అనే కెమిస్ట్. ఆయన కొడుకు యూసుఫ్ హమీద్ 2001లో మూడు ఎయిడ్స్ మందులు కలిపి ఏడాదికి 350 డాలర్లకే ఇస్తానని ప్రపంచం ముందు అన్నాడు. అప్పటికి పెద్ద కంపెనీల ధర పది వేల డాలర్లు దాటి ఉండేది. ఆఫ్రికాలో ఎన్ని జానాలు నిలబడ్డాయో అల్లాహ్‌కే తెలుసు.

జవాబు

ఇదంతా ఒక రాత్రి మా బిడ్డ ముందు, వాళ్ల మామూ ముందు చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక్క మాట అడిగాడు. "అన్నీ బాగున్నాయి భాయ్. పీహెచ్‌డీ అయ్యేసరికి పిల్లకి ఇరవై ఎనిమిది దాటుతుంది. అప్పటిదాకా?"

ఇది నవ్వి తోసేసే సవాల్ కాదు. నాకూ రాత్రుళ్లు అదే గుర్తొస్తుంది. మన మధ్యతరగతి ఇళ్లలో చదువు అంటే ఒక తరం ఎత్తిన అప్పు, ఇంకో తరం తీర్చే అప్పు. స్కాలర్‌షిప్పులు ఉన్నాయి, ఫెలోషిప్పులు ఉన్నాయి, అయినా ఆ పదేళ్లూ చెయ్యి బిగబట్టి బతకాలి. నేను ఆమెకి అదే చెప్పాను, దాచలేదు. "నీ అబ్బాకి భయం ఉంది బేటీ. కానీ మనోళ్లు ఎవరూ చేయలేదు కాబట్టి నువ్వు చేయొద్దని మాత్రం ఇక ఈ ఇంట్లో ఎవరూ అనరు. ఆ మాట అబద్ధం."

అల్‌హమ్దులిల్లాహ్, ఐసర్ పరీక్షకీ ఫారం నింపింది, ఇంజినీరింగ్ పరీక్షకీ నింపింది. వాళ్ల మామూయే ఫీజు కట్టాడు, రెండింటికీ. ఎటు ఖుల్తుందో చూడాలి. దువా చేయండి.

దాదా కాపీ ఇప్పుడు ఆమె మేజా మీద ఉంది. మొన్న చూశాను. ముసల్లస్ పక్కన దాదా నీలం ఇంకుతో రాసిన 'త్రిభుజం' ఉంది కదా, దాని పక్కన పెన్సిల్‌తో 'ట్రయాంగిల్' అని రాసింది. పేజీ పాడు చేశావని కోప్పడబోయి, ఆగిపోయాను.

చివరగా మీకొక గుజారిష్. మీ ఇంట్లో దాదా, నానాల పాత సందూక్‌లు ఉంటే ఒకసారి తెరవండి. ఉస్మానియా నాటి ఉర్దూ సైన్సు కితాబు, లెక్కల కాపీ, ల్యాబ్ రికార్డు ఏది దొరికినా రద్దీవాడికి కిలోల్లెక్కన వేయకండి. చదవడం రాకపోతే ఉర్దూ తెలిసిన బుజుర్గ్ ఎవరినైనా పక్కన కూర్చోబెట్టుకుని, పిల్లలకు ఒక్క పేజీ చదివి చూపించండి. బేగంపేటలో రాస్ ఇమారత్ ఉంది, తార్నాకలో జహీర్ ల్యాబ్ ఉంది, గండిపేట ఉంది. ఒక ఇతవారం పిల్లల్ని అటు తీసుకుపొండి.

ఖుదా హాఫిజ్.